నివాస భవనాల సెట్‌బ్యాక్ నియమాలు - పొరుగు నగరాల పోలిక

సెట్‌బ్యాక్ అనగా ఇంటి స్థలపు సరిహద్దుకు, కట్టడపు బయటి గోడకు మధ్య చట్టప్రకారం వదలవలసిన ఖాళీ జాగా. ముందు వైపు వదిలేది ముందు సెట్‌బ్యాక్, వెనుక వదిలేది వెనుక సెట్‌బ్యాక్, ఇరుపక్కల వదిలేవి పక్క సెట్‌బ్యాకులు. వాడుకలో దీనిని "ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా" అని కూడా అంటారు. భారతదేశంలో భవన నిర్మాణ నియమాలను రూపొందించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు, వాటి కింద పనిచేసే పట్టణాభివృద్ధి సంస్థలకు ఉంది. అందువలన ఒకే కొలతలున్న స్థలంలో హైదరాబాదులో కట్టగలిగే ఇల్లు వేరు, చెన్నైలో వేరు, బెంగుళూరులో వేరు. ఈ వ్యాసంలో హైదరాబాదు, విజయవాడ, చెన్నై, బెంగుళూరు నగరాలలో నివాస భవనాలకు వర్తించే సెట్‌బ్యాక్ నియమాల మధ్య గల పోలికలు, తేడాలు వివరించబడినాయి.

ఈ నగరాల మధ్య ముఖ్యమైన తేడా ఎన్ని అడుగులు వదలాలన్న అంకెలో లేదు. చెన్నై, బెంగుళూరులలో స్థలాన్ని బట్టి మొత్తం ఎంత విస్తీర్ణం కట్టవచ్చో తెలిపే పరిమితి ఒకటి ఉండి, సెట్‌బ్యాక్ దానికి తోడుగా పనిచేస్తుంది. హైదరాబాదులో 2006 నుండి అటువంటి పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు, చుట్టూ వదిలే జాగా, ఈ మూడే కట్టడాన్ని అదుపులో ఉంచుతాయి. కాబట్టి చెన్నైలో ఒక అడుగు సెట్‌బ్యాక్ ఆక్రమించడం ఒక నియమాన్ని మీరడం అయితే, హైదరాబాదులో అదే అడుగు ఉన్న కొద్దిపాటి అదుపును కూడా తీసివేయడం అవుతుంది.

కొలిచే విధానం

సెట్‌బ్యాకును స్థలపు సరిహద్దు నుండి కొలుస్తారు. ప్రహరీ గోడ లోపలి అంచు నుండి కొలవడం సాధారణంగా జరిగే పొరపాటు. తొమ్మిది అంగుళాల గోడ పూర్తిగా స్వంత స్థలంలోనే ఉన్నప్పుడు ఆ మందం కూడా వదిలిన జాగాలో భాగమే. రోడ్డు విస్తరణలో స్థలం కొంత పోవలసి ఉంటే, పోయే భాగాన్ని తీసివేసిన తరువాత మిగిలిన హద్దు నుండి ముందు సెట్‌బ్యాకును లెక్కించాలి. మూలమలుపు స్థలాలలో వాహనదారులకు ఎదురుగా వచ్చే బండి కనిపించేందుకు మూలను ఏటవాలుగా కోసి వదలాలి. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ 2012 నియమాల ప్రకారం ఈ కోత 12 మీటర్ల లోపు రోడ్లకు 3 మీటర్లు, 24 మీటర్ల వరకు 4.5 మీటర్లు, అంతకంటే వెడల్పైన రోడ్లకు 6 మీటర్లు.

మరొక చిక్కు కొలమానాలది. తెలుగువారు స్థలాన్ని గజాలలో కొంటారు, ఇంటిని అడుగులలో కడతారు, ప్రభుత్వ ఉత్తర్వులు మాత్రం మీటర్లలో ఉంటాయి. ఒక చదరపు గజం 0.836 చదరపు మీటరుకు సమానం. ఈ మార్పిడిలో జరిగే పొరపాటు ఖరీదు ఎంతో ఈ వ్యాసంలోనే 240 గజాల స్థలం ఉదాహరణలో చూడవచ్చు.

నేపథ్యం

పాత తెలుగు పట్టణాలలో ఇళ్ళకు పక్క ఖాళీ ఉండేది కాదు. రెండు ఇళ్ళకు ఉమ్మడి గోడ, వీధి వైపు అరుగు, మధ్యలో ఆకాశానికి తెరిచిన లోగిలి లేక మండువా ఉండేవి. గాలి, వెలుతురు ఇంటి చుట్టూ గాక ఇంటి నడుమ నుండి వచ్చేవి. ఖాళీ జాగాను ఇంటి బయటికి తెచ్చిన ఆలోచన ఆధునిక పురపాలన నుండి వచ్చింది. 1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించిన తరువాత 1898లో బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. చీకటి గదులు, గాలి ఆడని చాళ్ళు రోగానికి కారణమని భావించి ఆ సంస్థ 63.5 డిగ్రీల వెలుతురు కోణం నియమాన్ని పాటించింది. దీని ప్రకారం ఎదుటి కట్టడం ఎత్తు, మధ్య ఖాళీకి సుమారు రెండింతలకు మించకూడదు. హైదరాబాదులో 1908 మూసీ వరదల తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు బస్తీలను తొలగించి వెడల్పైన వీధులను, క్రమమైన ఇళ్ళ వరుసలను నిర్మించింది.

స్వాతంత్ర్యానంతరం జాతీయ భవన స్మృతి 1970లో తొలిసారి వెలువడింది. 1983, 2005, 2016 సంవత్సరాలలో దానిని సవరించారు. ఈ స్మృతి రాష్ట్రాలకు మార్గదర్శకమే గాని తనంతట తాను చట్టం కాదు. ఉదాహరణకు 15 మీటర్లు, అంతకంటే ఎత్తైన కట్టడాన్ని ఈ స్మృతి ఎత్తైన భవనంగా పరిగణిస్తుంది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ నియమాలు ఆ హద్దును 18 మీటర్లుగాను, తమిళనాడు నియమాలు 18.30 మీటర్లుగాను నిర్ణయించాయి. ఈ హద్దుకు ఇటువైపు ఉన్న భవనానికి సెట్‌బ్యాకులు తక్కువ. అందుకే అనేక నగరాలలో ఆ హద్దుకు కాస్త కిందనే ఆగిన అపార్టుమెంట్లు వరుసగా కనిపిస్తాయి.

హైదరాబాదు, విజయవాడ: ఒకే మూలం

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో ఒక్కొక్క నగరానికి వేర్వేరు ఉత్తర్వులు ఉండేవి. 2006 మార్చి 3న వెలువడిన జి.ఓ. 86 ద్వారా హైదరాబాదుకు సవరించిన భవన నియమాలు వచ్చాయి. స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలన్న పాత పరిమితిని ఎత్తివేసింది ఈ ఉత్తర్వే. 2007 ఏప్రిల్ 16న పన్నెండు పురపాలక సంఘాలు, ఎనిమిది గ్రామ పంచాయితీలు కలిసి హైదరాబాదు మహానగర పాలక సంస్థ ఏర్పడినపుడు, అంతవరకు పొరుగు పట్టణాలుగా ఉన్న ప్రాంతాలన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

2012 ఏప్రిల్ 7న జారీ అయిన జి.ఓ. 168 (ఆంధ్ర ప్రదేశ్ భవన నియమాలు, 2012) రాష్ట్రంలోని నగరాలు, పట్టణాలన్నిటికీ ఒకే పట్టికను ఇచ్చింది. హైదరాబాదు, విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, వరంగల్లు నగరాలలో ఒకే విస్తీర్ణం, ఒకే రోడ్డు, ఒకే ఎత్తు ఉంటే ఒకే సెట్‌బ్యాక్ అన్నది దీని సూత్రం. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ అదే ఉత్తర్వును సవరణలతో కొనసాగించింది. ఆంధ్ర ప్రదేశ్ 2017 మార్చి 28న జి.ఓ. 119 ద్వారా కొత్త భవన నియమాలను తెచ్చినా, విస్తీర్ణం, రోడ్డు, ఎత్తుల ఆధారంగా సెట్‌బ్యాక్ నిర్ణయించే పద్ధతిని మార్చలేదు. రెండు రాష్ట్రాలూ ఆ తరువాత ఎవరి సవరణలు వారు చేసుకుంటూ వచ్చాయి. కింది కొలతలు 2012 నాటి ఉమ్మడి పట్టికలోనివి.

ముందు సెట్‌బ్యాక్ రోడ్డు వెడల్పుతో పెరుగుతుంది. 200 చ.మీ. లోపు స్థలానికి 12 మీటర్ల లోపు రోడ్డు ఉంటే 1.5 మీటర్లు చాలు. 300 చ.మీ. దాటిన స్థలానికి అదే రోడ్డు మీద 3 మీటర్లు, 30 మీటర్లకు మించిన రోడ్డు మీద 7.5 మీటర్లు వదలాలి. మిగిలిన మూడు వైపులా వదలవలసినది ఇలా ఉంటుంది:

* 50 చ.మీ. లోపు: 7 మీ. ఎత్తు వరకు ఏమీ వదలనక్కరలేదు
* 50 నుండి 100 చ.మీ.: 7 మీ. ఎత్తు వరకు ఏమీ లేదు, 10 మీ. ఎత్తుకు 0.5 మీ.
* 100 నుండి 200 చ.మీ.: 10 మీ. ఎత్తు వరకు 1 మీ.
* 200 నుండి 300 చ.మీ.: 7 మీ. ఎత్తుకు 1 మీ., 10 మీ. ఎత్తుకు 1.5 మీ.
* 300 నుండి 400 చ.మీ.: 7 మీ. ఎత్తుకు 1.5 మీ., 12 మీ. ఎత్తుకు 2 మీ.
* 400 నుండి 500 చ.మీ.: 7 మీ. ఎత్తుకు 2 మీ., 12 మీ. ఎత్తుకు 2.5 మీ.
* 500 నుండి 750 చ.మీ.: 7 మీ. ఎత్తుకు 2.5 మీ., 12 మీ. ఎత్తుకు 3 మీ.

వాడుకలో 7 మీటర్లంటే కింద ఒకటి, పైన ఒకటి. 10 మీటర్లంటే కింద ఒకటి, పైన రెండు. 200 చ.మీ. దాటిన స్థలాలలో బళ్ళు నిలుపుకోవడానికి స్తంభాల మీద వదిలే స్టిల్ట్ అంతస్తుకు వీలుంది. దానిని ఎత్తులో లెక్కించరు.

18 మీటర్లు, ఆపైన ఎత్తున్న భవనాలకు కనీసం 2,000 చ.మీ. స్థలం ఉండాలి. వీటికి ముందు, వెనుక, పక్క అన్న భేదం లేకుండా ఎత్తును బట్టి చుట్టూ సమానంగా జాగా వదలాలి. 21 మీటర్ల వరకు 7 మీ., 24 వరకు 8 మీ., 27 వరకు 9 మీ., 30 వరకు 10 మీ. చొప్పున పెరుగుతూ 50 నుండి 55 మీటర్ల ఎత్తుకు 16 మీటర్లు అవుతుంది. ఆపైన ప్రతి 5 మీటర్ల ఎత్తుకు మరో అర మీటరు చేరుతుంది.

పొడవు వెడల్పుకు నాలుగింతలుండే సన్నని స్థలాలకు మినహాయింపు ఉంది. పక్కల తగ్గించుకున్న జాగాను ముందు, వెనుకలలో కలిపి వదలవచ్చు. అయితే 10 మీటర్ల లోపు ఎత్తుకు పక్కన కనీసం 1 మీటరు, 15 మీటర్ల లోపు ఎత్తుకు 2 మీటర్లు మిగలాలి. పాత బస్తీలు, గ్రామకంఠాల వంటి ఇరుకు ప్రాంతాలను నియమాలు విడిగా పరిగణిస్తాయి. వాస్తు పాటించేవారు ఉత్తరం, తూర్పు వైపుల ఎక్కువ జాగా వదలాలని కోరుకుంటారు. నియమం మూడు వైపులా ఒకే కొలత అడుగుతుంది కాబట్టి వాస్తు కోసం వదిలేది దానికి అదనం అవుతుంది. చిన్న స్థలాలలో దీనివలన ఇంటి వెడల్పు బాగా తగ్గుతుంది.

240 గజాల స్థలం

హైదరాబాదు శివారు లేఅవుట్లలో 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల 240 గజాల స్థలం సాధారణమైనది. మీటర్లలో ఇది 200.67 చ.మీ. అంటే పట్టికలోని 200 చ.మీ. గడపను ముప్పాతిక మీటరు కూడా లేని తేడాతో దాటింది. 10 మీటర్ల ఎత్తు ఇంటికి దీనికి ముందు 2 మీ., మూడు వైపులా 1.5 మీ. వదలాలి. మిగిలేది అంతస్తుకు సుమారు 118 చ.మీ.

ఇదే స్థలం 200 చ.మీ. కంటే ఒక్క పిసరు తక్కువ ఉంటే ముందు 1.5 మీ., మిగిలిన వైపుల 1 మీ. చాలు. అంతస్తుకు దాదాపు 141 చ.మీ. వస్తుంది. అంటే గజం కూడా లేని తేడాకు అంతస్తుకు సుమారు 250 చదరపు అడుగులు, ఒక పడకగది, దాని స్నానాల గది అంత జాగా, తగ్గిపోతుంది. దానికి బదులుగా యజమానికి స్టిల్ట్ అంతస్తు లభిస్తుంది. కారు ఉన్న కుటుంబానికి ఇది లాభం, లేని కుటుంబానికి నష్టం. అంచెల పట్టిక ఏదైనా ఇటువంటి గడపలను సృష్టిస్తుంది. బెంగుళూరు వాడిన శాతాల పద్ధతిలో ఈ ఇబ్బంది తక్కువ.

చెన్నై

తమిళనాడులో 2019 ఫిబ్రవరి వరకు చెన్నై మహానగర ప్రాంతానికి, మిగిలిన రాష్ట్రానికి వేర్వేరు నియమాలుండేవి. ఆ నెలలో ప్రకటించిన తమిళనాడు ఉమ్మడి అభివృద్ధి, భవన నియమాలు (2019) ఆ తేడాను తొలగించాయి. బెంగుళూరుకు దగ్గరగా, కర్ణాటక సరిహద్దున ఉన్న హోసూరు ఈ నియమాల ప్రకారం చెన్నైతో సమానమే గాని, చేరువలోనే ఉన్న బెంగుళూరుతో కాదు.

2019 నియమాలలో సాధారణ భవనాలకు స్థల విస్తీర్ణానికి రెండు రెట్ల వరకు, ఎత్తైన భవనాలకు 3.25 రెట్ల వరకు అంతస్తుల మొత్తం విస్తీర్ణాన్ని అనుమతించారు. రుసుము చెల్లించి వెడల్పైన రోడ్లపై మరికొంత పొందవచ్చు. ముందు సెట్‌బ్యాక్ ఇక్కడా రోడ్డు వెడల్పును బట్టే ఉంటుంది. చెన్నైకి ప్రత్యేకమైనది వరుస కట్టడాల ప్రాంతం అన్న భావన. జార్జిటౌను వంటి పాత పేటలలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉన్నందున అక్కడ పక్క సెట్‌బ్యాక్ అడగరు. ఉన్న ఊరి స్వరూపాన్ని నియమం అంగీకరించిందన్నమాట. తెలుగువారు తరతరాలుగా నివసించిన పేటలు కూడా ఇందులో ఉన్నాయి.

బెంగుళూరు

బెంగుళూరులో 2007లో ఆమోదం పొందిన సవరించిన బృహత్ ప్రణాళిక 2015 (ఇందులోని 2015 లక్ష్య సంవత్సరం) ఇళ్ళకు మూడు పరిమితులను ఒకేసారి విధించింది. స్థలంలో ఎంత శాతం మీద కట్టవచ్చు, మొత్తం ఎన్ని రెట్లు కట్టవచ్చు, చుట్టూ ఎంత వదలాలి. 360 చ.మీ. వరకు ఉన్న నివాస స్థలానికి 12 మీటర్ల లోపు రోడ్డు మీద 75 శాతం ఆక్రమణ, 1.75 రెట్ల విస్తీర్ణం ఇచ్చారు. పెద్ద స్థలాలకు, వెడల్పైన రోడ్లకు ఇది 3.25 రెట్ల వరకు పెరిగేది. 11.5 మీటర్ల లోపు ఎత్తుకు సెట్‌బ్యాకులను స్థలం వెడల్పు, పొడవులను బట్టి నిర్ణయించారు. కొంత కొలత దాటిన స్థలాలలో ఇవి శాతాలలో ఉంటాయి. 11.5 మీటర్లు దాటితే ఎత్తును బట్టి చుట్టూ జాగా వదలాలి.

ఈ నగరంలో 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల స్థలం ఒక ప్రమాణం వంటిది. "థర్టీ ఫార్టీ" అంటే ఇక వేరే వివరణ అక్కరలేదు. హైదరాబాదులో 200 గజాల స్థలానికి ఉన్న స్థానం అక్కడ దీనిది.

ఒకే స్థలం, వేర్వేరు ఇళ్ళు

40 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు గల 200 గజాల స్థలం (167.2 చ.మీ.) 30 అడుగుల రోడ్డు మీద ఉందనుకుందాం. హైదరాబాదులో 2012 పట్టిక ప్రకారం ముందు 1.5 మీ., మిగిలిన వైపుల 1 మీ. వదిలితే 10.19 మీటర్ల వెడల్పు, 11.22 మీటర్ల పొడవు మిగులుతుంది. అది 114 చ.మీ. మూడు అంతస్తులకు సుమారు 343 చ.మీ. వస్తుంది. విభజన నాటికి విజయవాడలోనూ లెక్క ఇదే.

చెన్నైలో రెండు రెట్ల పరిమితి వలన 334 చ.మీ. దగ్గర ఆగాలి. బెంగుళూరు ప్రణాళిక ప్రకారం 1.75 రెట్లు, అంటే 293 చ.మీ. మూడు సంఖ్యల మధ్య తేడా ఊహించినంత పెద్దది కాదు. అసలు తేడా తరువాత బయటపడుతుంది. హైదరాబాదు యజమాని రెండు పక్కలా జాగాను సగానికి తగ్గించి, పైన అనుమతి లేని నాలుగో అంతస్తు వేస్తే, అతడు మీరినది సెట్‌బ్యాక్, ఎత్తు నియమాలను. మొత్తం విస్తీర్ణం ఎంత పెరిగిందో ప్రశ్నించే నియమం అక్కడ లేదు. నీటి గొట్టాలు, మురుగు కాలువ, వీధి వెడల్పు మాత్రం మూడు అంతస్తుల లెక్కకే ఉంటాయి.

సికింద్రాబాదు కంటోన్మెంటు

పొరుగు నగరాల తేడాను ఒకే వీధిలో చూడవలసివస్తే సికింద్రాబాదుకు వెళ్ళాలి. సికింద్రాబాదు పురపాలక సంస్థ 1960లో హైదరాబాదుతో కలిసిపోయింది. కంటోన్మెంటు మాత్రం రక్షణ మంత్రిత్వ శాఖ పరిధిలోనే ఉండి, మొదట 1924 నాటి, తరువాత 2006 నాటి కంటోన్మెంటుల చట్టం కింద తన ఉపనియమాలతో అనుమతులు ఇస్తూ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ జి.ఓ.లు ఇక్కడ నేరుగా వర్తించవు. అందువలన రోడ్డుకు ఒకవైపు అయిదంతస్తుల అపార్టుమెంటు, మరొకవైపు పెంకుటి బంగళా ఎదురెదురుగా ఉండడం ఇక్కడ వింత కాదు. పౌర నివాస ప్రాంతాలను రాష్ట్ర పురపాలక సంస్థలో కలపాలన్న ప్రక్రియ 2024లో ముందుకు కదిలింది.

వెలుతురు, గాలి, నిప్పు, కరెంటు

బొంబాయి నాటి 63.5 డిగ్రీల కొలబద్దతో చూస్తే 2012 పట్టికలోని ఒక లోపం తేటతెల్లమవుతుంది. 200 చ.మీ. లోపు ఇళ్ళు రెండు పక్కపక్కన ఉంటే, ఒక్కొక్కరు 1 మీటరు చొప్పున వదిలితే మధ్య సందు 2 మీటర్లు. గోడల ఎత్తు 10 మీటర్లు. కింది అంతస్తు నుండి ఎదుటి గోడ పైభాగం సుమారు 79 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. పాత కొలబద్ద ప్రకారం ఆ సందు 5 మీటర్లు ఉండాలి. అందుకే ఇటువంటి ఇళ్ళలో కింది వాటాలో అద్దెకుండేవారు పట్టపగలు కూడా దీపం వేసుకోక తప్పదు. అదే 21 మీటర్ల ఎత్తైన రెండు భవనాల మధ్య 14 మీటర్ల ఖాళీ ఉంటుంది. అక్కడి కోణం 56 డిగ్రీలు మాత్రమే. అంటే ఖరీదైన ఎత్తు భవనంలోని మొదటి అంతస్తుకు లభించే ఆకాశం, చిన్న స్థలంలోని ఇంటికి లభించదు.

దీనికి మరో వైపు కూడా ఉంది. 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల 60 గజాల స్థలంలో చుట్టూ మీటరు వదలమంటే మిగిలేది 25 చ.మీ., అంటే స్థలంలో సగం. ముందు ఒకటిన్నర మీటరుతో సరిపెడితే 42 చ.మీ. దక్కుతుంది. పేదవాని స్థలంలో వెలుతురుకు, గదికి మధ్య నియమం గదినే ఎంచుకుంది.

అగ్నిమాపక దృష్ట్యా ఎత్తైన భవనం చుట్టూ 6 మీటర్ల వెడల్పున బరువైన శకటం తిరగగల గట్టి నేల ఉండాలని జాతీయ భవన స్మృతి చెబుతుంది. 7 మీటర్ల కనీస సెట్‌బ్యాక్ దీనికి సరిపోతుంది. కాని ఆ జాగాలో కార్లు నిలపడం, రేకుల షెడ్డు వేయడం, జనరేటరు పెట్టడం వలన ఆ దారి కాగితం మీదనే మిగులుతున్నది. విద్యుత్ తీగల విషయంలో 11 కిలోవోల్టుల వరకు ఉన్న తీగ భవనానికి అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరంలో, 33 కిలోవోల్టుల తీగ 2 మీటర్ల దూరంలో ఉండాలి. 1.5 మీటర్ల ముందు సెట్‌బ్యాకులోకి మూడడుగుల బాల్కనీ చాచిన ఇంట్లో బట్టలు ఆరవేసేవారికి తీగ చేతికందే దూరంలోకి వస్తుంది. సాధారణ భవనాలలో సెట్‌బ్యాకులోకి బాల్కనీలు రాకూడదని 2012 నియమాలు నిషేధించడానికి ఇదీ ఒక కారణంగా భావించవచ్చు.

వదిలిన జాగా ఊరికే ఉండదు. ఇంకుడు గుంత, బోరుబావి, నీటి సంపు అక్కడే వస్తాయి. 300 చ.మీ. దాటిన స్థలాలలో చుట్టూ మీటరు వెడల్పున మొక్కల వరుస ఉండాలని 2012 నియమాలు పేర్కొన్నాయి.

చెరువులు, నాలాల పక్క వదలవలసిన జాగాను కూడా కొందరు సెట్‌బ్యాక్ అంటారు గాని అది వేరు. దానిని బఫర్ అంటారు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుండి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు వదలాలి. ఇది స్థలం ఎంత చిన్నదైనా తగ్గదు.

అనుమతి, ఉల్లంఘన, క్రమబద్ధీకరణ

2012 నియమాల ప్రకారం ముందు సెట్‌బ్యాక్ తప్ప మిగిలిన వైపుల 10 శాతం వరకు తేడా ఉంటే జరిమానాతో అంగీకరించే అవకాశం ఉంది. నిర్మాణం ప్లాను ప్రకారం సాగేందుకు కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టించి, నివాస యోగ్యతా పత్రం ఇచ్చాక విడుదల చేసే పద్ధతి 2006 నుండి ఉంది. చిన్న సొంత ఇళ్ళకు దీనినుండి మినహాయింపు ఇచ్చారు.

తెలంగాణలో 2020 నాటి టి.ఎస్.-బీపాస్ చట్టం స్వీయ ధృవీకరణను ప్రవేశపెట్టింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇంటికి అనుమతి అవసరం లేకుండా ఒక్క రూపాయితో నమోదు సరిపోయేది. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని హామీ పత్రం మీద తక్షణ అనుమతి ఇచ్చేవారు. దీనితో ముందుగా వచ్చి కొలిచే ఉద్యోగి తెరమరుగయ్యాడు. కొలత తప్పితే నోటీసు లేకుండా కూల్చివేసే అధికారాన్ని అదే చట్టం ఇచ్చింది.

ఇక జరిగిన ఉల్లంఘనల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న జి.ఓ. 901 ద్వారా భవన అపరాధ రుసుము పథకం వచ్చింది. 1985 జనవరి 1 నుండి 2007 డిసెంబరు 15 వరకు కట్టినవాటికి ఇది వర్తించింది. ఇక ముందు ఇటువంటిది ఉండదని అందరూ అనుకున్నారు. 2015లో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలు రెండూ మళ్ళీ ఇటువంటి పథకాలే తెచ్చాయి. తెలంగాణ పథకంపై హైకోర్టులో వ్యాజ్యం పడడంతో దరఖాస్తులు ఏళ్ళ తరబడి నిలిచిపోయాయి. డబ్బు కట్టినవారు, సక్రమంగా జాగా వదిలి చిన్న ఇల్లు కట్టుకున్న పొరుగువారు, ఇద్దరూ అసంతృప్తిగానే మిగిలారు.

న్యాయస్థానాల తీర్పులు

ఒడిషాలోని కటక్‌లో ఒక బహుళ అంతస్తుల భవనానికి సంబంధించిన ఫ్రెండ్స్ కాలనీ అభివృద్ధి కమిటీ కేసులో (2004) సుప్రీంకోర్టు, పొరపాటున జరిగిన స్వల్ప తేడాలకే రాజీ వర్తించాలని, తెలిసి చేసిన ఉల్లంఘనలను ఉపేక్షించరాదని తీర్పునిచ్చింది. మీరట్‌లో నివాస స్థలంలో సెట్‌బ్యాక్ వదలకుండా దుకాణాలు కట్టిన రాజేంద్ర కుమార్ బర్జాత్యా కేసులో 2024 డిసెంబరు 17న మరింత ముందుకు వెళ్ళింది. చాలా కాలం గడిచిందని గాని, పెట్టుబడి పెట్టామని గాని, అధికారులు అడ్డుకోలేదని గాని చెప్పి అక్రమ కట్టడాన్ని నిలుపుకోలేరని పేర్కొంది. నిర్మాణ పూర్తి ధృవపత్రం చూశాకే నీటి, విద్యుత్ కనెక్షన్లు, బ్యాంకు రుణాలు ఇవ్వాలని దేశమంతటికీ ఆదేశాలు ఇచ్చింది.

పొరుగువాని హక్కు విషయంలో 1882 నాటి సౌకర్య హక్కుల చట్టం ఇప్పటికీ ఆధారం. 15వ సెక్షను ప్రకారం ఒక కిటికీ గుండా ఇరవై ఏళ్ళు ఆటంకం లేకుండా వెలుతురు, గాలి పొందినవారికి అది హక్కు అవుతుంది. కొత్తగా వెలసిన కాలనీలలో ఇరవై ఏళ్ళు నిండిన కిటికీలు అరుదు కాబట్టి అక్కడ పక్కింటివారు ఎక్కువగా ఆశ్రయించేది పురపాలక సంస్థలోని పట్టణ ప్రణాళికా విభాగాన్నే. ఫిర్యాదుతో పాటు మంజూరైన ప్లాను నకలు జతచేస్తే, గోడ ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉన్నదో టేపు పెట్టి తేల్చవచ్చు.